లిస్టు ఒకటే, పొడి వేరు

ఒక రోజంతా కుడి కంటి రెప్పకు ఖరీదైన ఐషాడో పాలెట్‌లోని (రంగుల డబ్బాలోని) గోధుమ రంగు మ్యాట్, అంటే మెరుపు లేని రంగు, ఎడమ కంటికి దాని చవక డూప్‌లోని, అంటే దాన్ని పోలిన నకలులోని అదే రంగు వేసుకుని తిరిగాను. ఎవరూ కనిపెట్టలేదు, అద్దంలో నాకూ పెద్ద తేడా కనిపించలేదు. తేడా తెలిసింది వేసుకునేటప్పుడే. ఖరీదైనది రెండుసార్లు బ్రష్ తిప్పగానే అంచులు పొగలా చర్మంలో కలిసిపోయాయి, చవకది మాత్రం ఒకచోట ముద్దగా పట్టి పక్కనే ఖాళీ వదిలేసింది, దాన్ని సరిచేయడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది. తీరా రెండు డబ్బాల వెనక ఉన్న పదార్థాల లిస్టులు పక్కపక్కన పెట్టి చదివితే దాదాపు ఒకటే! టాల్క్, మైకా, మెగ్నీషియం స్టియరేట్, డైమెథికోన్, చివర్లో ఐరన్ ఆక్సైడ్లు.

లిస్టు ఒకటే కదా, ఇక ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి అని చాలామంది అక్కడితో తేల్చేస్తారు. కానీ ఆ లిస్టు చెప్పేది చాలా తక్కువ. అమెరికా, యూరప్ నిబంధనల ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవాటినే ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు, రంగులనైతే ఎంత మోతాదులో ఉన్నా చివరికి చేర్చేయొచ్చు. అంటే మనం ఐషాడో కొనేదే రంగు కోసం, ఆ రంగు ఎంత వేశారో మాత్రం లిస్టు చెప్పదు. రేణువుల్ని ఎంత మెత్తగా నూరారో, అచ్చులో ఎంత గట్టిగా నొక్కారో అస్సలు చెప్పదు.

నిజానికి పదార్థాలేమీ అరుదైనవి కావు. టాల్క్ అంటే పలక మీద రాసే బలపం జాతి రాయే, ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలు మీద దానిది 1, అన్నిటికన్నా మెత్తనిది, దాని పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టే చర్మం మీద ఆ పొడి జారుతుంది. గోధుమ రంగులన్నీ ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్ల కలయిక, లిస్టులో 77491, 77492, 77499 అని కనిపించేవి అవే. తుప్పు కూడా ఇదే కుటుంబం.

అసలు కష్టమంతా వీటిని కలపడంలో ఉంది. ఆక్సైడ్ రేణువులు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి, అంత సన్నటి పొడి ఊరికే ఉండలు కడుతుంది. ఆ ఉండలు సరిగ్గా విడిపోయేదాకా నూరకపోతే ప్యాన్‌లో (పొడి నొక్కిన చిన్న గిన్నెలో) బాగానే కనిపిస్తుంది గానీ, రెప్ప మీద బ్రష్ రాపిడికి ఒక్కో ఉండా పగిలి అక్కడ గీతలా రంగు వదులుతుంది. నా ఎడమ కంటి మీది మచ్చలకు ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం. దీనికి మందుగా రేణువులకు సిలికోన్ లేదా సిలేన్ పూత వేస్తారు, అప్పుడవి చర్మం మీది నూనెలో సమంగా పరుచుకుంటాయి. లిస్టులో ట్రైఇథాక్సీకాప్రిలైల్‌సిలేన్ అనే నోరు తిరగని పేరు కనిపిస్తే అలాంటి పూత ఉందనే అర్థం, ఈ మధ్య చవక పాలెట్లలోనూ అది కనిపిస్తోంది, నాకు చాలా సంతోషం.

ఊదా, నీలం మ్యాట్‌ల దగ్గర మాత్రం ఖరీదైనవీ తడబడతాయి. అల్ట్రామెరైన్, మాంగనీస్ వయొలెట్ లాంటి పిగ్మెంట్లకు (రంగునిచ్చే పొడులకు) ఐరన్ ఆక్సైడ్‌కి ఉన్నంత రంగు బలం లేదు, అందుకని ఎక్కువ వేయాలి, ఎక్కువ వేస్తే పొడిని పట్టి ఉంచే బైండర్ సరిపోక బుగ్గల మీదికి రాలుతుంది.

షిమ్మర్, అంటే మెరిసే రంగుల కథ వేరే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం కూడా ఇదే. సన్నటి అభ్రకం (లిస్టులోని మైకా) రేకు మీద టైటానియం డయాక్సైడ్ పొర పూస్తారు. ఆ పొర పైనుంచి తిరిగొచ్చే కాంతి, అడుగు నుంచి తిరిగొచ్చే కాంతి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. సబ్బు బుడగ మీద రంగులు పుట్టేది కూడా ఇలాగే. పొర మందం 50 నానోమీటర్ల దగ్గర ఉంటే వెండి మెరుపు, కాస్త పెరిగితే బంగారు, ఇంకా పెరుగుతూ పోతే ఎరుపు, నీలం, ఆకుపచ్చ. రంగుద్రవ్యం ఏదీ మారలేదు, మందం ఒక్కటే మారింది! ఈ రేకుల్ని సాధారణంగా పిగ్మెంట్ తయారుచేసే కంపెనీలే సిద్ధం చేసి అమ్ముతాయి, చవక బ్రాండైనా పేరున్న బ్రాండైనా కొనుక్కోవచ్చు. పైగా బల్లపరుపు రేకులు కాబట్టి వేలితో అద్దితే వాటంతట అవే చదునుగా పడుకుంటాయి, నూరే పనితనంలో లోపమున్నా మెరుపు దాన్ని కప్పేస్తుంది. అందుకే షిమ్మర్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దనే నేను చెబుతాను, పెట్టాలనుకుంటే మ్యాట్‌ల మీద పెట్టండి.

వేలి స్వాచ్, అంటే వేలితో అద్ది చూసే రంగు మచ్చ చూసి మాత్రం నిర్ణయించుకోకండి. పొడి ఇసుక తెల్లగా, తడి ఇసుక ముదురుగా ఎందుకుంటుందో చూడండి: రేణువుల మధ్య గాలి ఉంటే కాంతి చెల్లాచెదురై తెలుపు కలుస్తుంది, అక్కడ నీళ్లో నూనో నిండితే ఆ తెలుపు తగ్గి అసలు రంగు బయటపడుతుంది. వేలికి నూనె ఉంటుంది, ఒత్తిడీ ఉంటుంది, అందుకే ఫిల్లర్ (రంగులేని నింపుడు పొడి) ఎక్కువైన సుద్దలాంటి మ్యాట్ కూడా వేలి మీద నిండుగా కనిపిస్తుంది. తడి లేని బ్రష్‌తో, ప్రైమర్ (మేకప్‌కి ముందు రాసే పూత) రాయని చర్మం మీద వేసి చూస్తే దాని సంగతి తెలుస్తుంది.

ఇంకో విషయం, పాలెట్ మీద పేరున్న కంపెనీయే దాన్ని తయారుచేసిందని అనుకోనక్కర్లేదు. ఇటలీలో 1972లో మొదలైన ఇంటర్‌కోస్ లాంటి సంస్థలు ఎన్నో బ్రాండ్లకు తయారుచేసి ఇస్తాయి. ఒకే ఫ్యాక్టరీ అయినంత మాత్రాన ఒకే ఫార్ములా కాదు, అడిగినవాళ్ల బడ్జెట్‌ని బట్టి అది మారుతుంది. మనం కట్టే డబ్బులో అద్దం, అయస్కాంతం మూత, ప్రకటనలు కూడా ఉంటాయి, వాటివల్ల మ్యాట్ ఏమీ బాగా బ్లెండ్ అవదు.

కొన్నాళ్లు వాడాక చవక ప్యాన్ మీద మెరిసే గట్టి పొర కట్టి రంగు రావడం మానేస్తే పారేయకండి. బ్రష్ నుంచి, చర్మం నుంచి చేరిన నూనె పైపొరను అలా బిగించేస్తుంది. సెల్లోటేప్ ముక్క మెల్లగా అద్ది లాగితే ఆ పొర ఊడి వస్తుంది, కింద పొడి మొదటి రోజులాగే ఉంటుంది.