పెద్దమ్మ రీచార్జి, ఓఆర్‌ఏ-00001

బిడ్డలారా,

మీ కోడ్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. బాగుంది గానీ, ఎక్కడ ఎక్సెప్షన్ (ప్రోగ్రాం నడుస్తుండగా వచ్చే తప్పు) వచ్చినా దాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి స్క్రీన్ మీద పడేశారు. అదొక్కటే నచ్చలేదు.

మొన్న హన్మకొండ చౌరస్తాలో ఆటోలో కూర్చుని పెద్దమ్మ ఏదో యాప్‌లో ఫోన్ రీచార్జి చేస్తోంది. సిగ్నల్ అంతంతే. బటన్ నొక్కింది, చక్రం తిరుగుతూనే ఉంది, ఆగలేక ఇంకోసారి నొక్కింది. అంతే, స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు: ఓఆర్‌ఏ-00001, యూనిక్ కన్‌స్ట్రెయింట్ వయొలేటెడ్, పక్కన ఏదో టేబుల్ పేరుతో సహా. ఆమె ఒక్కటే అడిగింది, "పైసలు పోయినయా?" అని. నాకేమో నవ్వొచ్చింది. ఒక్కసారే ఉండాలని పెట్టిన నంబర్‌ను (ఇక్కడ ఆ రీచార్జిది) రెండోసారి రాసుకోమంటే ఒరాకిల్ డేటాబేస్ ఇలాగే కుదరదంటుంది. అంటే మొదటిసారి నొక్కినప్పుడే రీచార్జి నమోదైంది, రెండోది ఆగిపోయింది, కాసేపటికి మెసేజ్ కూడా వచ్చింది. డేటాబేస్ తన పని సరిగ్గానే చేసింది, చెప్పింది కూడా మంచి కబురే, కానీ దాన్ని "మీ రీచార్జి ఇప్పటికే నమోదైంది, మళ్లీ నొక్కకండి" అని మార్చి రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇది చదివి మీరు అన్ని చోట్లా "ఏదో తప్పు జరిగింది" అని పెట్టేస్తారేమో, అదీ పనికిరాదు. కాజీపేట స్టేషన్‌లో మనకు కావాల్సింది బండి ఎంత లేటు, ఏ ప్లాట్‌ఫారం అనే కదా, ఏ సిగ్నల్ ఎందుకు పడలేదో వాళ్ల రిజిస్టర్‌లో ఉంటే చాలు. మీ రిజిస్టర్ లాగ్ ఫైలు. ఎక్సెప్షన్, స్టాక్ ట్రేస్ (ఆ తప్పు కోడ్‌లో ఏ దారిన వచ్చిందో చూపే జాబితా), టైమ్ అన్నీ అందులో రాయండి (పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం అక్కడ కూడా వద్దు). ఒక చిన్న రిఫరెన్స్ నంబర్ తయారు చేసి లాగ్‌లోనూ స్క్రీన్ మీదా అదే పెట్టండి, రేపు ఎవరైనా ఫోన్ చేసి ఆ నంబర్ చెబితే వెతుక్కోవడం తేలిక.

ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే దారి) రాసేటప్పుడూ ఇంతే. అక్కడ ఎర్రర్ జవాబు ఎలా ఉండాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9457 ఒకటుంది, 2023లో వచ్చింది, ఈ జవాబు డీబగ్గింగ్ (కోడ్‌లో తప్పు వెతకడం) కోసం కాదని అందులోనే రాసి ఉంది.

దొంగల సంగతి కూడా ఉంది. టేబుల్ పేర్లు, ఫైల్ పాత్‌లు, వెర్షన్ నంబర్లు బయటపెడితే ఇంటి ప్లాన్ గేటుకు తగిలించినట్టే, సాఫ్ట్‌వేర్ లోపాల జాబితా సీడబ్ల్యూఈలో ఈ లోపానికి సీడబ్ల్యూఈ-209 అని నంబర్ కూడా ఇచ్చారు. లాగిన్‌లో "ఈ నంబర్‌తో ఖాతా లేదు" అన్నారనుకోండి, ఎవరికి ఖాతా ఉందో ఎవరికి లేదో దొంగ ఒక్కొక్క నంబరూ కొట్టి తెలుసుకుంటాడు. అక్కడ మాత్రం "నంబర్ లేదా పాస్‌వర్డ్ సరిపోలలేదు" అని ఒకే మాట పెట్టండి, వాడేవాళ్లకు కాస్త చిరాకైనా సరే.

ఆదివారం వస్తున్నారుగా, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. మీ మెసేజ్‌లన్నీ పెద్దమ్మకు చదివి వినిపిద్దాం. "అంటే ఏంది?" అని ఆమె అడిగిన ప్రతి లైనూ అక్కడే కూర్చుని మార్చాలి.

మీ పెద్దబాపు
హన్మకొండ