ఊరికే క్షమించెయ్యొచ్చు కదా తాతయ్యా?

పిల్లలూ,

శుభ శుక్రవారం ఏడు మాటల ఆరాధన అయ్యాక మీలో చిన్నది అడిగింది: "దేవుడు ఊరికే క్షమించెయ్యొచ్చు కదా తాతయ్యా, యేసయ్య చచ్చిపోవడం దేనికి?" పెద్దవాళ్ళు అడగడం మానేసిన ప్రశ్న అది.

నాకు వేదాంతం రాదు, కాలవ తెలుసు. నరసాపురం అవతల మనవన్నీ కాలవ చివరనుండే శివారు చేలే కదా. దాళ్వాకి, అంటే రెండో పంటకి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలి, మన వంతు వచ్చినా, నా చిన్నప్పుడు చేలు నెర్రెలిచ్చేవి. మధ్యలో తూము పూడిపోయేది. గుర్రపుడెక్క, బురద, ఎవరెవరో పారేసిన సీసాపెంకులు. అందరూ గట్టు మీద నిలబడి ఎవడు పూడ్చాడని తిట్టుకునేవాళ్ళే, దిగేవాడు లేడు. ఒక ఏడు వరి పొట్ట మీదుండగా మా బాబాయి పంచె ఎగ్గట్టి దిగాడు. ఎంతసేపటికీ తల కనపడదు, నాకు ఒకటే టెన్షన్. పైకొచ్చేసరికి పిక్కలకి జలగలు, అరచేతులు తెగి నెత్తురు. వెనకే గుడగుడమని ముందు చెత్త, నురగ, ఆ తర్వాత నీళ్ళు. మాతో గట్టు తగాదా పెట్టుకున్నాయన చేలోకి కూడా వెళ్ళాయి, మా నాన్నకి ఒళ్ళు మండింది!

గట్టు మీంచి "పోనీలే" అంటే తూము తెరుచుకోదమ్మా. దేవుడు దిగాడు. బాబాయి చేతులు మానిపోయాయి, యేసయ్య మాత్రం ప్రాణమే పెట్టాడు, అక్కడ నా పోలిక చాలదు.

గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 13, 14 వచనాల్లో పౌలు అంటాడు, క్రీస్తు మన కోసం శాపమైంది అబ్రాహాము పొందిన ఆశీర్వాదం అన్యజనులకు, అంటే యూదులు కానివాళ్ళకి, అందాలని. ఆ అన్యజనులెవరనుకున్నారు? మనమే, చిట్టచివరి శివారు. ఆశీర్వాదం కోసం పరీక్షల ముందు పాస్టరుగారి చేత నెత్తిన చెయ్యి పెట్టించుకోండి, వద్దనను, కానీ మార్కులకి చదువుకోవాలి. మీ బోదెలోకి నీళ్ళొచ్చాయని పక్కవాడి చేనికి అడ్డుకట్ట వెయ్యకండి.

ఒక్కడి చావు అందరికీ, అన్ని కాలాలకీ ఎలా సరిపోతుందో తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, విప్పి చెప్పడం నా వల్ల కాదు. ఆదికాండం 22వ అధ్యాయం తియ్యండి. అబ్రాహాము కత్తి ఎత్తాక పొదలో ఏం చిక్కుకుని ఉందో చూసి, అక్కడ ఆగకుండా 18వ వచనం దాకా వెళ్ళి, దేవుడు ఎవరెవరికి ఆశీర్వాదం అన్నాడో ఆదివారం వచ్చి నాకు చెప్పండి.

మీ తాతయ్య