0.9 గీత అంటే మంచి రైతుల గీత కాదు: క్వాంటైల్ రిగ్రెషన్‌పై అపోహలు - వాస్తవాలు

పలాస వైపు జీడితోటల లెక్కలు గ్రాఫ్‌కెక్కిస్తే చుక్కలు విసనకర్రలా విచ్చుకుంటాయి. అడ్డంగా చెట్ల వయసు, నిలువుగా ఎకరాకు ఎన్ని బస్తాల పిక్కలో. లేత తోటలు దగ్గరదగ్గరగా పడతాయి, ముదురు తోటలు బాగా ఎడంగా. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలిన తోటలూ వాటిలోనే ఉన్నాయి మరి. వీటి మధ్య ఒక్క సగటు గీత గీస్తే ఆ ఎడం మాయమైపోతుంది. అందుకే క్వాంటైల్ గీతలు వేస్తాం, అంటే ఏ వయసు దగ్గర చూసినా తోటల్లో ఇంత శాతం కింద ఉండేలా గీసేవి. 0.9 గీత అంటే తొంభై శాతం కింద ఉండేది. వేసిన ప్రతిసారీ కొన్ని మాటలు వినాల్సి వస్తుంది.

అపోహ: పైనున్న పది శాతం చుక్కలను ఏరి, వాటికే గీత వేస్తే 0.9 గీత వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రతి గీతకూ చుక్కలన్నీ కావాలి, తేడా అంతా తూకంలోనే. 0.9 గీతకు 2 బస్తాలు పైనున్న తోట లెక్కలో 1.8 అవుతుంది, 2 బస్తాలు కిందున్నది 0.2 మాత్రమే. ఈ మొత్తం అతి తక్కువయ్యే చోట గీత కుదురుకుంటుంది. అప్పటికి సుమారు తొంభై శాతం చుక్కలు దాని కిందికొస్తాయి. 0.5 పెడితే రెండు వైపులా ఒకే తూకం, అదే మీడియన్ గీత, సగం చుక్కలు పైన, సగం కింద. దిగుబడి చూసి ముందే ఏరేస్తే మాత్రం దాదాపు ముదురు తోటలే మిగులుతాయి. తన వయసుకి బాగా కాసిన లేత తోట లెక్కలోంచే పోతుంది.

అపోహ: 0.9 గీత బాగా పండించే రైతులది.

వాస్తవం: "నా తోట పైగీత మీదే ఉంది కద బాబూ, అయిదేళ్లు పోతే ఆ గీత చూపించినన్ని బస్తాలు వస్తాయా?" అని ఒక పెద్దాయన అడిగారు. చెప్పలేం. పదేళ్ల తోటల్లో ఆ గీత దగ్గరున్నవి వేరు, ఇరవయ్యేళ్ల తోటల్లో ఉన్నవి వేరు. గీత చెప్పేది ఆ వయసు తోటల గుంపు గురించి. ఒక తోట ఏ దారిన పోతుందో తెలియాలంటే దాన్నే ఏటేటా కొలవాలి. మీటింగుల్లో చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పప్పులో కాలేస్తారు.

అపోహ: తప్పుడు అంకెలు పడినా ఈ గీతలకేం కాదు.

వాస్తవం: సగమే నిజం. 4 బస్తాలకు బదులు 40 అని ఎక్కిందనుకోండి. ఆ చుక్క ముందే గీతకు పైన ఉంటే గీత వెంట్రుకవాసి కూడా కదలదు. అదే చెట్ల వయసు 15కి బదులు 150 పడితే గీత ఒరిగిపోతుంది.

అపోహ: ఇది నిన్నమొన్నటి కంప్యూటర్ విద్య.

వాస్తవం: ఈ పద్ధతిని ముందుకు తెచ్చిన కోయెంకర్, బాసెట్‌ల వ్యాసం వచ్చింది 1978లో.

అపోహ: గీతలు ఒకదాన్నొకటి దాటాయంటే సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టే.

వాస్తవం: ఒక్కో గీత విడిగా లెక్కవుతుంది కాబట్టి, చుక్కలు పలచబడే అంచుల్లో అలా దాటుకోవచ్చు. 0.75 గీత 0.9 పైకెక్కిన చోట మాత్రం ఏ మాటా చెప్పకూడదు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఈ గీతలు వేసే ఆదేశం జియోమ్_క్వాంటైల్. ఏ గీతలు కావాలో మనం చెప్పకపోతే అది 0.25, 0.5, 0.75 గీస్తుంది. అరవై తోటల లెక్కకి అవి చాలు. అంత చిన్న లెక్కలో 0.99 అడిగితే గీత ఒకటి రెండు తోటల చేతిలో పడుతుంది.