మిద్దె మీద ఆ మూల

చిరంజీవులు హారికకు, చిన్నోడికి,

ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. చిన్నోడు వేసిన గుత్తి కోట బొమ్మ గోడకు అంటించాను. ఇక్కడ రెండు రోజులుగా ముసురు పట్టింది, ఇంటింటా జ్వరాలు. ఆస్పత్రి దగ్గర జనాన్ని చూసి వచ్చాకే హారిక ప్రశ్నకు జవాబు రాయాలనిపించింది.

“తాతా, కరోనా అప్పుడు గుత్తి బస్టాండులో ఉండే పిచ్చాయనకు టీకా ఎవరేశారు? ఆయనకు ఆధార్ కార్డు లేదు కదా, ఫోను లేదు కదా?” అని అడిగావు. ముందు ఒక మాట తల్లీ. ఆయన్ని పిచ్చాయన అనొద్దు. టీ అంగడి ఆయన “సామీ” అని పిలుస్తాడు, ఆ పిలుపుకు తలెత్తి చూస్తాడు. మనమూ అలాగే పిలుద్దాం. ఆయనది మనసుకు వచ్చిన జబ్బు. జబ్బును మనిషికి పేరుగా పెట్టకూడదు.

సామికి టీకా ఒక నర్సమ్మ వేసింది. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలయ్యాయి. అరవై దాటినవాళ్లకు మార్చి 1 నుంచి వేశారు. సామికి అరవై ఎప్పుడో దాటాయి. కానీ కార్డు చూపించాలి, పేరు నమోదు చేయించుకోవాలి. మే 6న ఢిల్లీ నుంచి కొత్త సూచనలు వచ్చాయి. కార్డులు లేనివాళ్లకు కూడా వెయ్యండి అని, సంచారులు, జైళ్లలో ఉన్నవాళ్లు, మానసిక చికిత్సాలయాల్లో ఉన్నవాళ్లు, రోడ్డు పక్కన అడుక్కునేవాళ్లు అని విడివిడిగా రాశారు. ఆ తర్వాత మన నర్సమ్మ బస్టాండుకు వచ్చింది. మొదటిసారి సూది చూసి సామి పారిపోయాడు. రెండోసారి టీ అంగడి ఆయన పక్కన కూర్చుని, గ్లాసు చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడు వేయించుకున్నాడు.

జవాబు అయిపోయింది. కానీ ఆయన వంతు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందో కూడా మీకు చెప్పాలి.

మీకు మట్టి మిద్దె తెలియదు. ఇప్పుడు ఊళ్లో అన్నీ స్లాబులే. మా చిన్నప్పుడు మన ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన మందంగా మన్ను. ఏటా వానలకు ముందు ఆ మన్ను మీద చౌడు పొయ్యాలి. చౌడుమన్ను తడిస్తే బిగుసుకుంటుంది, నీళ్లను కిందికి దిగనివ్వదు. మా నాయన బండి కట్టుకుని పోయి తోలుకొచ్చేవాడు. నేను, మీ చిన్నతాత మిద్దెక్కి గంపలు అందుకుని, పోసి, కాళ్లతో చదును చేసేవాళ్లం. మోకాళ్ల దాకా తెల్లగా పిండి పూసుకున్నట్టు ఉండేది. మిద్దె నడుమ పొయ్యడం సులువు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కంత, గవాచి, దాని చుట్టూ మాత్రం కొంచెం చూసుకుని పొయ్యాలి. ఇక పడమటి మూల వేపచెట్టు కొమ్మలు వాలి ఉండేవి, వాటి నిండా ఎర్రచీమలు. ఆ మూలకు మేం పోయేవాళ్లం కాదు. నాయన కింద నుంచి “అయిందా?” అంటే “అయింది” అనేవాళ్లం.

ఒక ఏడు తొలివానకే ఇల్లు ఉరిసింది. వింత ఏమంటే నీళ్లు ఆ మూలలో పడలేదు. దూలం వెంబడి జారుకుంటూ వచ్చి నట్టింట్లో కొర్రల గంప మీద పడ్డాయి. నాయన నట్టింటికి సరిగ్గా పైన మళ్లీ చౌడు పోశాడు. మళ్లీ ఉరిసింది. చివరికి మా జేజి నిచ్చెనెక్కి, చీమలు కుడుతున్నా కొమ్మ పక్కకు లాగి, చౌడు పడని ఆ జానెడు చోటు చూపించింది. నాయన మమ్మల్ని తిట్టలేదు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

పెద్ద అంటురోగం వచ్చినప్పుడు ఊరంతా చేసే పని కూడా చౌడు పొయ్యడమే. మాస్కు, చేతులు కడుక్కోవడం, దూరంగా మసలడం, టీకా, ఇదంతా చౌడే. టీవీలో చెబుతారు, పేపర్లో రాస్తారు, ఆటోకు మైకు కట్టి తిప్పుతారు. విని అర్థం చేసుకోగలిగి, తలుపు వేసుకోవడానికి ఒక ఇల్లున్నవాళ్లకు అది చాలు. వాళ్లు మిద్దె నడుమ ఉన్నవాళ్లు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు “ఇంట్లోనే ఉండండి” అన్నారు. సామి ఏ ఇంట్లో ఉండాలి? బస్టాండు మూతపడింది, టీ అంగడి మూతపడింది, ఆయనకు పొద్దున్నే దొరికే బన్ను కూడా లేకుండా పోయింది. లేని గొంతులు చెవిలో వినిపించే మనిషికి మైకులో చెప్పే మాట ఎంతవరకు చేరుతుంది?

నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లూ ఆ మూలలోనే ఉండిపోయారు. దక్షిణ కొరియాలో చోంగ్డో అనే చోట ఒక ఆస్పత్రి ఉంది. మనసు జబ్బులున్నవాళ్లను అక్కడ తాళం వేసిన వార్డులో ఉంచేవారు. 2020 ఫిబ్రవరిలో ఆ వార్డులో ఉన్న సుమారు వంద మందిలో దాదాపు అందరికీ కరోనా సోకింది. ఆ దేశంలో కరోనాతో చనిపోయిన మొదటి మనిషి ఆ వార్డులోవాడే. ఇరవై ఏళ్లకు పైగా ఆస్పత్రిలోనే ఉన్నాడట. బయటి లోకాన్ని చూడని మనిషి దగ్గరికి బయటి లోకపు రోగం నడిచి వెళ్లింది.

న్యూయార్క్‌లో కరోనా వచ్చిన 7,348 మందిని డాక్టర్లు పరిశీలించారు. స్కిజోఫ్రెనియా అనే మనసు జబ్బున్నవాళ్లకు ప్రాణం పోయే ముప్పు మిగతావాళ్లకంటే సుమారు 2.7 రెట్లు ఎక్కువగా కనబడింది. ముసలితనం తర్వాత అంత పెద్ద ముప్పు అక్కడ ఇంకొకటి లేదు. షుగర్, గుండెజబ్బు, సిగరెట్లు లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే.

ఇక్కడ నా మిద్దె పోలికను వదిలిపెట్టాలి. మూలకు చౌడు పోసింది నట్టింట్లో కొర్రలు తడవకూడదని. సామికి టీకా వేసింది మనకు అంటకూడదని కాదు, ఆయన బతకాలని. ఆయన వల్ల రోగం వస్తుందని అప్పట్లో కొందరు రాళ్లు చూపించి తరిమారు. బస్సులెక్కి ఊళ్లు తిరిగి వచ్చింది మనం. బస్టాండు దాటి ఎక్కడికీ పోని ఆయనకు మనమే అంటించగలం.

ఇప్పుడు మీ చిన్నతాత సంగతి. మీరు పెద్దవాళ్లవుతున్నారు కాబట్టి రాస్తున్నాను, ఆయన్ని అడిగే రాస్తున్నాను. పాతికేళ్లుగా ఆయన మనసు జబ్బుకు లిథియం మాత్రలు వాడుతున్నాడు. అవి వేసుకుంటే పొలం చేస్తాడు, మీకు గాలిపటాలు కట్టిస్తాడు. లాక్‌డౌన్‌లో బెంగళూరు పోయే బస్సులు ఆగిపోయాయి. ఇంట్లో నాలుగు రోజుల మాత్రలే మిగిలాయి. డాక్టరుగారు ఫోన్లో మాట్లాడి చీటీ పంపితే, మందుల వ్యాను డ్రైవరు ఒకాయన తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోయాడు. ఆ చేతికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. 1985లోనే మన పక్కన బళ్లారి జిల్లాలో బెంగళూరులోని పెద్ద మానసిక వైద్యశాల నిమ్హాన్స్ వాళ్లు ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లోనే మనసు జబ్బులకు మందులిచ్చే పద్ధతి మొదలుపెట్టారు. ఆ మందులు ప్రతి ఊరి దగ్గరా ఉంటే మాకు ఆ నాలుగు రోజుల టెన్షన్ ఉండేది కాదు.

2021 మే నెలలో ఆయనకు జ్వరం వచ్చింది. చెప్పలేదు. అడిగితే “బాగున్నా” అన్నాడు. మాట తక్కువైంది, నీళ్లు తాగడం తగ్గింది. రెండు రోజులకు చేతులు వణికాయి, నడక తూలింది. ఒక ఆస్పత్రికి తీసుకుపోతే చీటీలో లిథియం పేరు చూసి, “ఇది ఆయన పాత జబ్బే” అని పంపించేశారు. నేనూ నమ్మాను. అది నా తప్పు. లిథియం ఒక రకం ఉప్పు. జ్వరంతో, ఎండతో ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీలు ఉప్పును బయటికి పోనివ్వవు, దాంతోపాటు లిథియాన్ని కూడా పట్టి ఉంచుతాయి. మందే విషమవుతుంది. ఇంకో చోట రక్తపరీక్ష చేసి, మాత్రలు ఆపి, సెలైన్ పెట్టాక తేరుకున్నాడు. అప్పటి నుంచి ఎవరికి జ్వరమొచ్చినా మా ఇంట్లో ముందు ఆయన చెంబులో నీళ్లు చూస్తాం.

జేజి గురించి ఇంకొకటి చెప్పి ముగిస్తాను. నాకు పదేళ్లప్పుడు ఊళ్లోకి మశూచి టీకాలవాళ్లు వచ్చారు. అమ్మవారు అనేవాళ్లం ఆ రోగాన్ని. మన దేశంలో ఆఖరి కేసు 1975 మే నెలలోది, ఇప్పుడు లోకంలోనే లేదు. టీకాల ఆయన ప్రతి ఇంటి గోడ మీద గేరుతో అంకె రాసి, ఇంట్లో ఎంతమందో పుస్తకంలో రాసుకునేవాడు. మేమంతా చొప్ప వామి వెనక దాక్కున్నాం. మన అరుగు మీద ఒకాయన పడుకునేవాడు. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు, తనలో తాను మాట్లాడుకునేవాడు. టీకాల ఆయన ఆయన్ని దాటి పోతుంటే జేజి ఆపింది.

“ఈయన ఏ ఇంటి లెక్కమ్మా?” అన్నాడాయన.

“మా ఇంటి లెక్కలో రాయి నాయనా” అంది జేజి.

లోపలికి పోయి రాగి సంగటి ముద్ద, ఊరుబిండి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తింటూ ఉండగానే టీకా పడింది. మా ఇంటి లెక్క ఆ పుస్తకంలో తొమ్మిదయింది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు నాతో బస్టాండుకు రండి. ఊరికే గుచ్చి గుచ్చి చూడొద్దు, నవ్వొద్దు. సామి వానకు ఎక్కడ పడుకుంటున్నాడో, చెంబులో నీళ్లున్నాయో, దగ్గుతున్నాడో చూద్దాం. ఒంట్లో బాగాలేదనిపిస్తే పోలీసు స్టేషనులో చెబుదాం. అలాంటి మనిషిని కాపాడి, 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలని 2017 చట్టంలో రాసి ఉంది, లాకప్‌లో పెట్టకూడదని కూడా. ఎలా మాట్లాడాలో తెలియకపోతే మనసు జబ్బుల గురించి సలహా చెప్పే ప్రభుత్వ నంబరు 14416కి ఫోను చేసి అడుగుదాం.

వచ్చేటప్పుడు హారిక తన పాత దుప్పటి తెస్తే బాగుంటుంది. రంగు వెలిసినా పర్వాలేదు, ఉతికి తీసుకురా.

మీ తాత