చెరిగిపోయే దారి

నెల్లూరు వెళ్లి వచ్చేవాళ్ల సంచిలో మలై కాజా పెట్టె లేకుండా ఉండదు. మొన్న మా ఇంటికీ ఒకటి వచ్చింది. రాత్రి దాని మూత నేను సరిగా పెట్టలేదని మా పెద్దమ్మ తీర్మానం; పెట్టానని నా వాదన. ఏమైతేనేం, తెల్లవారేసరికి కిటికీ మూల నుంచి పెట్టె దాకా ఎర్రచీమల బారు. పెద్దమ్మ పసుపు డబ్బా తెచ్చేలోపు తడి వేలితో ఆ బారుకు అడ్డంగా ఒక గీత గీశాను. అటు చీమలు అటే, ఇటు చీమలు ఇటే ఆగిపోయి, మీసాలు ఆడిస్తూ తికమక పడ్డాయి. గట్టు మీద కంటికి కనిపించే అడ్డంకి ఏదీ లేదు. తుడిచేసింది వాసనను.

తిండి దొరికిన చీమ గూటికి తిరిగి వెళ్తూ, పొట్ట చివర నేలకు ఆనించి ఒక రసాయనాన్ని పూసుకుంటూ పోతుంది. నిప్పుచీమలైతే కొండినే కలంలా వాడతాయి. ఆ సిరా ఎక్కడ తయారవుతుందో 1959లో ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా చీమల శాస్త్రవేత్త తేల్చాడు. చీమ పొట్టలోని అతి చిన్న గ్రంథిని తీసి, నలిపి, గూటి దగ్గర నుంచి గాజు మీద గీతగా రాశాడు. తిండి ఏమీ లేకపోయినా చీమలు గుంపుగా బయటికొచ్చి ఆ గీత వెంట నడిచాయి. ఇలాంటి రసాయనాలకు ఫెరోమోన్ అనే పేరు పుట్టిందీ ఆ ఏడాదే. ఆకులు కోసే ఒక అమెరికా చీమ వాడే పదార్థం మిల్లీగ్రాములో మూడో వంతు ఉంటే, భూమి చుట్టూ చీమలు పసిగట్టగల దారి వేయవచ్చని తరవాత లెక్క కట్టారు.

నన్ను ఇంతకంటే ఆశ్చర్యపరిచేది ఆ సిరా ఆరిపోవడం. ఒక్క నిప్పుచీమ గీసిన గీత దాదాపు రెండు నిమిషాల్లో మాయమవుతుంది. తీపి ఉన్నంతసేపు వచ్చిన ప్రతి చీమా గీతను మళ్లీ దిద్దుతుంది. తీపి అయిపోతే ఉత్త చేతులతో వెనుదిరిగిన చీమ దిద్దదు. ఇక చాలు అని ఎవరూ చెప్పనక్కర్లేదు, దారే చెరిగిపోతుంది.

ఆరకపోతే ఏమవుతుందో 1989లో బెల్జియం శాస్త్రవేత్తల ప్రయోగం చూపించింది. గూటికీ తిండికీ మధ్య రెండు వంతెనలు పెట్టారు, ఒకటి రెండోదానికి రెట్టింపు పొడవు. పొట్టి దారిన వెళ్లినవి ముందు తిరిగొచ్చాయి కాబట్టి అక్కడ వాసన ముందు చిక్కబడింది, కాసేపటికి దాదాపు అన్నీ అటే నడిచాయి. అయితే మొదట పొడుగు వంతెనే ఉంచి, అరగంట తరవాత పొట్టిది కలిపితే? ఎక్కువ సార్లు ఆ అర్జెంటీనా చీమలు పాత దారినే పట్టుకుని వేలాడాయి. వాటి వాసన అంత త్వరగా పోదు మరి. 1992లో మార్కో డొరిగో అనే ఇటలీ కంప్యూటర్ పరిశోధకుడు చీమల పద్ధతితో కంప్యూటర్‌కు దగ్గరి దారులు వెతకడం నేర్పినప్పుడు, గుర్తులు కొంచెం కొంచెంగా ఆరిపోయే ఏర్పాటునూ అందులో పెట్టాడు.

పుట్టలు పెట్టేది చీమలని సామెత చెబుతుంది గానీ, మన చేలల్లో మనిషెత్తు పుట్టలు పెట్టేవి చెదలు. బొద్దింకకు చుట్టాలే తప్ప చీమకు కావు. కూలి చెదలకు చాలా జాతుల్లో కళ్లే ఉండవు, నడకంతా వాసన మీదే. కొన్ని బాల్‌పెన్నుల సిరాలోని ఒక ద్రావకం వాటికి అచ్చం తమ దారి వాసనలా తోస్తుందట. కనిగిరి దగ్గర మా మామయ్య చేలో పుచ్చిన కర్ర విరిచి, పిల్లకాయలను కూర్చోబెట్టుకుని మూడు పెన్నులతో కాగితం మీద మూడు సున్నాలు గీశాను. రెండింటిని చెదలు పట్టించుకోలేదు. మూడోదాని మీద ఎక్కిన అయిదారు, మేము టీ తాగి వచ్చేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.