ఓట్స్‌ గుణమంతా ఆ జిగురులోనే

ఓట్స్ ఉప్మా చాలామందికి నచ్చదు. ఎందుకని అడిగితే జిగురుగా ఉంటుందంటారు. అందుకే కొందరు బాగా వేయించి, నీళ్లు తగ్గించి, పొడిపొడిగా వండుకుంటారు. తమాషా ఏమిటంటే, డాక్టర్లు ఓట్స్ తినమనేది ఆ జిగురు కోసమే.

ఆ జిగురు బీటా గ్లూకాన్ అనే పీచుపదార్థం. బెండకాయ జిగురులాగే నీటిని పట్టుకుని చిక్కబడుతుంది. కొవ్వును అరిగించడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తో పిత్త ఆమ్లాలను తయారుచేసి పేగులోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో చాలా భాగాన్ని శరీరం వెనక్కి పీల్చుకుని మళ్లీ వాడుకుంటుంది. పేగులో ఈ జిగురు ఉంటే కొన్ని ఆమ్లాలు అందులో చిక్కుకుని మలంతో పాటు బయటికి పోతాయి. పోయినవాటి బదులు కొత్తవి చేసుకోవాలి కాబట్టి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ తగ్గేది అలాగే.

అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ చూసే ఎఫ్‌డీఏ 1997లో ఓట్స్ ప్యాకెట్ల మీద గుండెకు మేలని రాసుకోవడానికి అనుమతిచ్చింది. అందుకు చెప్పిన మోతాదు రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్. ఎండు ఓట్స్‌లో అది సుమారు 4 శాతమే. అంటే 3 గ్రాములు అందాలంటే 75 గ్రాముల ఓట్స్ కావాలి. ఒకరికి 40 గ్రాములతో ఉప్మా చేస్తే సగమే అందినట్టు. ఇక పేరుకు నాలుగు రేకులు చల్లిన ఓట్స్ బిస్కెట్ల సంగతి చెప్పక్కర్లేదు. పూర్తి మోతాదు తిన్నా ఎల్‌డీఎల్ తగ్గేది 5 నుంచి 7 శాతం దాకా. మంచిదే, కానీ వేసుకుంటున్న మాత్రలు మానేసేంత కాదు.

ఓట్స్ గింజలో మిగతా ధాన్యాలకంటే కొవ్వు ఎక్కువ. దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా గింజలోనే ఉండడం వల్ల, పొట్టు తీసి అలాగే ఉంచితే చేదెక్కిపోతుంది. అందుకే మిల్లులో ముందే ఆవిరి పట్టి, ఆ తర్వాత రేకులుగా నొక్కుతారు. రేకు ఎంత పలచనైతే అంత త్వరగా ఉడుకుతుంది, అంత త్వరగా అరిగి షుగర్ కూడా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్‌స్టంట్ రకం కంటే మందపు రేకులే నయం. మసాలా ఓట్స్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక సోడియం ఎంతో కూడా చూడాలి.

ఇదంతా చదివి కొర్రలు, రాగులు పక్కన పెట్టేయకండి. రాగుల్లో ఉన్న కాల్షియం ముందు ఓట్స్ ఎందుకూ చాలదు. ఇక బీటా గ్లూకానే కావాలనుకుంటే అది బార్లీలోనూ దండిగా ఉంది. కాకపోతే వడకట్టిన నీళ్లు తాగి గింజలు పారేస్తే చాలా భాగం పారేసినట్టే.

తినడం ఒక్కటే కాదు, చర్మానికి కూడా ఓట్స్ వాడతారు. మెత్తగా పొడి చేసి నీళ్లలో కలిపి స్నానం చేస్తే దురద తగ్గుతుందన్నది యూరప్‌లో పాత చిట్కా. ఓట్స్‌లో అవెనాంత్రమైడ్లు అనే పదార్థాలున్నాయి. వాపును, దురదను తగ్గించే గుణం వాటిది. పైగా జిగురు చర్మం మీద పొరలా నిలిచి తేమను పోనివ్వదు. 2003లో ఎఫ్‌డీఏ ఈ పొడిని చర్మాన్ని కాపాడే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్నవాళ్ల కోసం అమ్మే క్రీముల్లో ఓట్స్ కనిపించేది ఇందుకే.

నరాల బలహీనతకు, నిద్రలేమికి అంటూ హోమియో షాపుల్లో అమ్మే అవెనా సటైవా చుక్కల మందు కూడా ఈ మొక్కదే. యూరప్‌లో పచ్చి ఓట్స్ మొక్కను ఎండబెట్టి టీ కాచుకుంటారు. స్వల్పమైన టెన్షన్‌కు, నిద్రకు అది వాడుకోవచ్చని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుకోలు చాలా ఏళ్లుగా జనం వాడుతున్నారన్న ఆధారం మీదే తప్ప, రోగుల మీద జరిపిన పరీక్షల మీద కాదు. పైగా అది పచ్చి మొక్క సంగతి. మనం ఉప్మాలో వేసుకునేది పండి ఎండిన గింజ కాబట్టి, రాత్రి ఓట్స్ తింటే హాయిగా నిద్ర పడుతుందని ఆశపడడానికి లేదు.