అపోహలు – వాస్తవాలు: క్యూఆర్ ఫ్రీయే, లోను కాదు

అపోహ: "యాప్ లోనుకు కోత రోజుకు 320 రూపాయలే కదా, తెలీకుండా తీరిపోతుంది."

ఈ మాట నెలకు పదిసార్లు వింటాను. విజయనగరంలో ఎనిమిదేళ్లుగా పేమెంట్ కంపెనీల తరఫున తిరుగుతున్నాను. గంటస్తంభం చుట్టుపక్కల చాలా షాపుల్లో క్యూఆర్ స్టిక్కర్లు నా చేత్తో అంటించినవే. కాబట్టి ఇందులో నా పాపమూ కొంత ఉంది.

మూడు లాంతర్ల వైపు టిఫిన్ బండి పెట్టుకున్న ఒకావిడ సిరిమానోత్సవానికి ముందు సరుకు కోసమని యాప్‌లో 50,000 లోను తీసుకుంది. ప్రాసెసింగ్ ఫీజు 1,000 పోను 49,000 చేతికొచ్చింది. రోజూ క్యూఆర్ కలెక్షన్‌లోంచి 320 చొప్పున 180 రోజులు కోత. "మొత్తం 57,600 బాబూ. నూటికి పదిహేను. బయట వడ్డీ కన్నా నయమే గదేటి?" అంది.

బిల్లు వెనక లెక్క వేసి చూపించాను. ఆ పదిహేను ఏడాదికి కాదు, ఆరు నెలలకు. పైగా ఆ డబ్బంతా ఆరు నెలలూ ఆవిడ దగ్గర లేదు. మర్నాటి నుంచే అసలు కరుగుతోంది, మూడు నెలలయ్యేసరికి సగానికి దగ్గరపడింది. వడ్డీ మాత్రం మొదటి రోజున్న 50,000 మీదే లెక్కకట్టారు. ఫీజు కలుపుకొని, తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఏడాదికి 67 శాతం దాకా తేలింది. మన లెక్కలో నూటికి నెలకు అయిదున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవడైనా అయిదున్నర అడిగితే ఆవిడ చీపురు తిరగేసేది. యాప్ అయిదున్నర అనలేదు, 320 అంది.

దాచారని అనడానికీ లేదు. రిటైల్, చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోను ముఖ్య వివరాల కాగితం, ఇవ్వాలని, అదీ తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆవిడ ఫోన్‌లోనూ ఆ పీడీఎఫ్ ఉంది, ఇంగ్లీషులో. అంతా చదవక్కర్లేదండీ. ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం) అన్న గడి వెతకండి, ఆ అంకెను 12తో భాగించండి. నూటికి ఎన్ని రూపాయల వడ్డీయో తేలిపోతుంది. తీసుకున్నాక మనసు మారితే లోను వెనక్కిచ్చేయడానికి కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆ లోపు అసలు, వాడుకున్న రోజులకు వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఈ సంగతి ఏ ఏజెంటూ ముందు చెప్పడు. నేనూ చెప్పేవాణ్ని కాదు.

అయితే ఇది మోసమా? కాదు, కంపెనీ బతుకుతెరువు. నా టార్గెట్లు చూస్తే మీకే అర్థమవుతుంది. మొదట్లో స్టిక్కరుకింత అని ఇచ్చేవారు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద ఎండీఆర్ సున్నా అయింది, అంటే షాపు నుంచి కమీషన్ రాదు. సర్వర్ల ఖర్చు మాత్రం సున్నా కాలేదు. తర్వాత నెల అద్దె కోసం సౌండ్‌బాక్సుల టార్గెట్. ఇప్పుడు లోన్లు. డబ్బిచ్చేది ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ; మాది కమీషన్. చిన్న షాపుల లావాదేవీలకు కేంద్రం ప్రోత్సాహకం ఇస్తుంది, 2024-25కి 1,500 కోట్లు ఆమోదించింది. అది బ్యాంకులు, యాప్‌లు అన్నీ పంచుకోవాల్సిందే.

క్యూఆర్ కొత్తదనం. వసూలుకు మనిషిని పంపకుండా కలెక్షన్‌లోంచే కోసుకోవడం పొదుపు. ఈ రెండూ కుదిరితే కంపెనీ నిలుస్తుందని పైవాళ్లు చెబుతారు. సగమే నిజం. కోత బరువైతే షాపువాడు వేరే కంపెనీ క్యూఆర్ ముందుకు పెట్టి మాది బండి కింద తోసేస్తాడు. ఉదయం వెళ్లేసరికి స్టిక్కరు మారిందంటే లోను మొండిబాకీ అయ్యేలా ఉందని అర్థం. తీర్చగలిగినవాడికే ఇచ్చే కంపెనీ నెమ్మదిగా పెరుగుతుంది గానీ ఉంటుంది. టార్గెట్ కోసం అందరికీ ఇచ్చినదాంట్లో నేను రెండేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఆ ఆఫీసు లేదు.

మిగతా అపోహలు గబగబా.

"కంపెనీ మూసేస్తే నా డబ్బు పోతాది." యూపీఐలో డబ్బుండేది మీ బ్యాంకులో, యాప్ కబురు మోసేదే. షాపు క్యూఆర్ డబ్బు కొన్నిచోట్ల ఎస్క్రో ఖాతా (షాపుల డబ్బు విడిగా ఉంచే ఖాతా) మీదుగా వస్తుంది, అదీ బ్యాంకులోదే. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు ఎంతమంది భయంతో నిద్రపోకుండా ఫోన్ చేశారో! వాళ్లను తప్పుపట్టను. వాట్సాప్‌లో పుకారు తిప్పినవాళ్లను తప్పుపడతాను. ఆ బ్యాంకులోనే ఖాతా ఉన్నవాళ్లు వేరే ఖాతా కలుపుకోవాల్సొచ్చింది, అంతే. క్యూఆర్‌లు వేరే బ్యాంకుల ద్వారా పనిచేశాయి.

"ఫీచర్లు ఎక్కువుంటే గట్టి కంపెనీ." మనిషి మనిషిని డబ్బడిగే కలెక్ట్ రిక్వెస్టును, మోసాలు పెరిగాయని, 2025 అక్టోబరు నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐయే తీసేసింది. తీసేయడం కూడా పనే.

"డబ్బు రావడానికి పిన్ కొట్టాలి." వద్దు. ఎన్నిసార్లు చెప్పాలి? పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

టిఫిన్ బండావిడ లోను మొన్ననే తీరింది. మర్నాడు ఉదయమే యాప్‌లో 80,000 ఆఫర్ వచ్చింది. నేను వెళ్లేసరికి ఫోనూ, ఓ బిల్లు కాగితమూ చేతిలో పెట్టి, "ఇదీ లెక్కేసీ బాబూ, ఈలోగా ఇడ్లీ ఎడతాను" అంది.